మతి లేని మెసేజ్

“‘సార్‌కి మతి లేదు!’ ఆఫీసు గ్రూపులో ఈ మెసేజ్ నీదేనా?” మేనేజర్ ఫోను టైపిస్టు ముక్కుకు ఆనించినంత పని చేశాడు.

“నా ఫోన్లోంచి వచ్చిందే. కానీ నేననలేదు సార్!”

“మరి దయ్యం అందా? నీ వెనక ఎవరున్నారు, ఆ గుమస్తానా? చెప్పకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు.”

ఆమె తన ఫోను బయటికి తీసింది. “ఫ్యాను బాగుచేయిస్తున్నారా అని అందరూ అడిగారు. ‘సార్ అనుమతి లేదు’ అని ఫోనుకి చెప్పాను. అదే టైపు చేసుకుంది.”

“కట్టుకథ! నా ముందు ఫోనుకి చెప్పు.”

“సార్...” అనేసరికి నెత్తిమీద ఏదో ‘కిర్రు’మని ‘అను’ను మింగేసి, దాని చోట తన ‘కి’ని వదిలింది. ఆమె మాటలో “...మతి లేదు” మాత్రమే మిగిలింది.

తెరమీద మళ్ళీ అదే మాట: సార్‌కి మతి లేదు.

మేనేజర్ అనుమానంగా తలుపు వెనక చూశాడు, గుమస్తా కుర్చీకేసి చూశాడు. మళ్ళీ కిర్రుమంది. మెల్లగా తల పైకెత్తాడు.

“దొంగ దొరికాడు,” అన్నాడు నీరసంగా. “ఫ్యాను!”