బయటి పని

"మోయగలవా?" అన్నాడు బచ్చప్ప, కెమెరాను బల్ల మీదికి దించుతూ.

దాసప్ప రెండు చేతులా ఎత్తి చూశాడు. చంటిబిడ్డంత బరువుంది. పక్కనే మెడలో వేసుకునే చిన్న యాషికా కెమెరా కూడా ఉంది. రెండింటిలోనూ పడేది పెద్ద ఫిల్మే. ఫ్యాషన్ ఫొటోలకు మామూలు రీలు చాలదనీ, పోస్టరు సైజుకు పెంచితే చీర జరీ చెదిరిపోతుందనీ, కొత్తగా పనిస్తానన్న కంపెనీ మేనేజరు ముందే చెప్పాడు.

"చిన్నది తీసుకోప్పా, చేతికి సులువు," అన్నాడు బచ్చప్ప. బెంగళూరులో పాత కెమెరాల అంగడి నడిపి తల పండిన మనిషి. "ఈ పెద్దదానితో నువ్వు ఫోకస్ చేసే లోపల ముందరున్న మనిషి కదిలిపోతాడు."

"కదలరులే," అన్నాడు దాసప్ప.

"మీ కేజీఎఫ్ జనం అంత బుద్ధిమంతులా?"

దాసప్ప నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. పొద్దున్నే చాంపియన్ రీఫ్ గని దగ్గర ఒక పని ముగించుకుని, అట్నుంచి అటే రైలెక్కి వచ్చాడు. ఒళ్లంతా పులిసిపోయి ఉంది.

కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో స్టూడియో అన్న శ్రీనివాసప్పది. స్టూడియోకు నడిచి వచ్చేవాళ్లు, పెళ్లిళ్లు, పేరంటాలు అన్నవి. బయటి పని తమ్ముడిది. దాసప్పకు మీసాలు రాని రోజుల్లోనే అన్నగారు ఎంతో న్యాయంగా ఆ పంపకం తేల్చేశాడు. కబురొస్తే చాలు, తింటున్న రాగిముద్ద వదిలేసి కెమెరా భుజాన వేసుకోవాలి. ముందుగా చెప్పడాలు, ముహూర్తాలు చూడడాలు ఉండవు. గని కార్మికుల లైను ఇళ్లలో ఉండేది ఒకటే గది. అందులో వెలుతురు ఉండదు. ఉన్నవాటిలో మంచి పట్టుచీర కట్టి, తలనిండా పూలు పెట్టి, కుర్చీలో కూర్చోబెడతారు. ఇంటివాళ్లంతా దాసప్ప వెనక నిలబడి చూస్తుంటారు.

పని ముగించుకుని ఇంటికొస్తే గురువమ్మ పెరట్లో నీళ్లు పెట్టి ఉంచుతుంది. స్నానం చేస్తేగానీ మొగుణ్ణి గడప తొక్కనివ్వదు. ఊరంతా బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల దుమ్మే మరి.

"ఎన్నాళ్లు చేస్తావు ఈ పని? ఇంగ చాలించు," అంటుంది.

చాలించే దారి ఇప్పటికి దొరికింది. ఆ పట్టుబట్టల కంపెనీ మేనేజరు కేజీఎఫ్‌లో చుట్టాలింటికి వచ్చాడట. గోడ మీద వాళ్ల అవ్వ ఫొటో చూసి ఆగిపోయాడట. జరీ పోగు పోగూ కనబడుతోంది. ఎవరు తీశారో కనుక్కుని, దాసప్ప ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన చూసింది చీరనే, ముఖాన్ని కాదు. ట్రయల్ బాగా వస్తే ఏడాది పొడుగునా ఫ్యాషన్ ఫొటోల పని నీదే అన్నాడు. దాసప్పకు అంతకంటే ఏం కావాలి? బయటి పనిని అన్నగారి మొహానే కొట్టి రావచ్చు.

"పెద్దదే ఇయ్యి," అన్నాడు దాసప్ప. "లైటు బ్యాటరీది చూపించు. దిబ్బల మీద తీయాల. ఆడ కరెంటు ఉండదు."

బచ్చప్ప రెండు తెచ్చాడు. ఒకటి కెమెరా పక్కన తగిలించే ఫ్లాషు. రెండోదానికి స్టాండూ, తెల్ల గొడుగూ, మోతబరువు బ్యాటరీ పెట్టే ఉన్నాయి. దాసప్ప చెయ్యి నేరుగా గొడుగుదాని మీదికి పోయింది.

"ఎదురుగా కొట్టే లైటు వద్దు. కండ్ల కింద గుంతలు తెలిసిపోతాయి. గొడుగులో పడి వచ్చిందైతే మెత్తగా ఉంటాది."

"ఫ్యాషనోళ్లకు కావాల్సింది అదేప్పా! యాడ నేర్చినావు?"

"ఇండ్లలో," అన్నాడు దాసప్ప.

ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి తెచ్చిన డబ్బు బల్ల మీద పెట్టి, సామాను భుజాలకెత్తుకున్నాడు.

ఆదివారం ఆ బరువుతో దిబ్బ ఎక్కేసరికి మోకాళ్లు పీక్కుపోయాయి. గాలికి గొడుగు లేచిపోతుంటే స్టాండుకు రాళ్లు కట్టాడు. మోడల్ బెంగళూరు నుంచి కారులో వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీరలో మెరిసిపోతోంది. మేనేజరు ఎండలో నిలబడి విసుక్కుంటున్నాడు.

దాసప్ప చెప్పులు విడిచాడు. అలవాటుకొద్దీ ఆ అమ్మాయి కాళ్లవైపు వంగి దండం పెట్టాడు.

"అయ్యయ్యో, నాకెందుకు సార్ దండం!" అని ఆ పిల్ల వెనక్కి గెంతింది.

దాసప్ప ఉలిక్కిపడ్డాడు. తమాయించుకుని, గడ్డం కొంచెం పక్కకు తిప్పుదామని చెయ్యి చాచాడు. ఈలోపే ఆమె తనే తిరిగింది.

"ఇట్లా చాలా సార్?"

చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కెమెరా పైమూత తెరిచి, అద్దంలోకి వంగాడు. ఆమె నవ్వింది. బటన్ మీద వేలు అట్లాగే ఆగిపోయింది. తల ఎత్తి, మళ్లీ వంగాడు. అద్దంలో మళ్లీ ఆ నవ్వే.

"ఏందప్పా ఇది?" అన్నాడు మేనేజరు. "నీ చేత కాదంటే చెప్పు, ఇంకొకర్ని పిలిపించుకుంటాను."

ఈ ఫొటో పోతే మళ్లీ బయటి పనే. దాసప్పకు భయమేసింది. అయినా వేలు కదలదే!

"నా మొహంలో ఏమన్నా తప్పుండాదా సార్?" అంది ఆ అమ్మాయి బెదురుగా.

"లేదమ్మా. బంగారంగా ఉండావు. అట్లే చూడు తల్లీ," అని బటన్ నొక్కాడు.

గొడుగు తళుక్కుమంది. ఆమె కళ్లార్పి మళ్లీ చూసింది. ఇక దాసప్ప ఆగలేదు. ఫిల్మ్ అయిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"ఫొటో తీస్తా ఏడ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తా ఉండాను," అన్నాడు మేనేజరు.

పాడె ఎక్కించేముందు శవాలకు కడపటి ఫొటోలు తీయడమే పనిగా బతికిన దాసప్ప కెమెరా వైపు, కళ్లు తెరిచి చూసిన మొదటి మనిషి ఆ అమ్మాయి.