ఎర్ర దారి

అరకు కొండల్లో ఇప్పుడు ఎవరు ఏ దారిన నడవాలో గేటే చెబుతుంది. లోపలికి అడుగు పెట్టగానే మోకాళ్ల బలం, ఊపిరి చూసి అక్కడ కాలికి కట్టే పట్టీలో రంగు వెలిగిస్తుంది. సుగుణాకరరావుకు ఆకుపచ్చ వెలిగింది, అంటే వాగు దాకానే. ఆయన భార్య హైమవతికి ఎరుపు వెలిగింది. అది శిఖరం దారి.

"ఇదేదో తప్పు చూపిస్తోంది. నలభై ఏళ్లుగా ఏ కొండెక్కినా ముందు నడిచింది నేను," అన్నాడాయన.

"మీ వెనకే నడిచాను కదండీ, నా నడకేంటో నాకూ తెలీలేదు," అంది హైమవతి.

ఆయన చివరికి నీళ్ల సీసా ఆమె చేతికిచ్చి, "రాళ్లు జారతాయి, చూసుకో," అన్నాడు.

మధ్యాహ్నం శిఖరం మీంచి ఆమె ఫోన్ చేసింది.

"చేరావా? మబ్బు పడుతోంది, దిగిపో మరి."

"దిగుతాను లెండి. ఇంకాసేపు కూర్చుంటాను," అంది హైమవతి.