ఎవరి పిల్ల

"ఆ పిల్లని బళ్లోంచి తీసేయకండి మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను" అంటూ ఆమె నిజంగానే వంగింది.

హెడ్‌మిస్ట్రెస్ కంగారుగా కుర్చీ వెనక్కి జరుపుకుంది. "క్లాసులో ఫిట్స్ వస్తుంటే మిగతా పిల్లలు హడలిపోతున్నారమ్మా. వాళ్ల తల్లిదండ్రులు నన్ను బతకనివ్వడం లేదు."

"ఇంట్లో పిల్ల నిన్నటి నుంచి మెతుకు ముట్టడం లేదు. ఏం చెప్పి ఊరుకోబెట్టను?"

"కన్నతల్లి కడుపుకోత నాకు తెలియదా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"నేను కన్నతల్లిని కాదు మేడమ్. ఆవిడ మిమ్మల్ని అడిగి అడిగి, ఇక నోరు పెగలక గేటు దగ్గరే కూలబడిపోయింది." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆ పిల్ల పక్కన కూర్చునేది నా కూతురు. మీరు హడలిపోతున్నారంటున్న పిల్లల్లో అదీ ఒకత్తి. నేస్తం లేనిదే బడి గడప తొక్కనంటోంది."

హెడ్‌మిస్ట్రెస్ లేచి గేటు వైపు నడిచింది.