పసుపు కాళ్ల తామర పురుగు

మున్నేరు వాగు వరద మూడోసారి రైలు పట్టాల మీదికెక్కిన ఏడాది అది. అప్పటికి ప్రతి మిరప చేలోనూ కెమెరా కన్నున్న ఒక కంటిగుంజ పాతి ఉండేది. ఆకు మీద వాలిన ప్రతి పురుగునూ చూసి, అది ఏ జాతిదో ఆ గుంజే తేల్చేది. శత్రువని రాస్తే మర్నాడు డ్రోన్ వచ్చి మందు కొట్టి పోయేది. రైతును అడిగే పనే లేదు.

ఆ ఏడు ఉప్పలయ్య చేలో ఎవరూ ఎరుగని పసుపు కాళ్ల పురుగు కనిపించింది. గుంజ దాన్ని మిరప రసం పీల్చే తామర పురుగుల్లో కలిపి శత్రువని రాసింది. ఆ సంగతి చెప్పడానికి వ్యవసాయ అధికారి నాగసుధ వచ్చింది.

ఉప్పలయ్య ఒక మిరప పువ్వు తెంపి అరచేతిలో దులిపాడు. వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు నాలుగు రాలి పరుగెత్తాయి.

"ఇవి ఆకు ముడిచే నల్లి గుడ్లు తింటయి బిడ్డా. నా చేనుకు ఈసారి ముడత రాలే, చూడు."

"నిజమే కావచ్చు తాతా. కానీ రెక్కలు, మీసాలు తామర పురుగువే. ఆ ఇంట్ల పుట్టినంక ఆ లెక్కనే."

"ఏ ఇంట్ల పుట్టినవని అడిగి శిక్ష వేసే రోజులు మా తాత చూసిండు. నేనొప్ప. అది ఏం తింటదో రాసుకో."

"గుంజల ఆ గడి లేదు తాతా."

గట్టు మీద కూర్చున్న అతని భార్య సోమక్క నవ్వింది. "నాతోని రోజుకు రెండు మాటలాడడు. పురుగు కోసం వకీలైండు."

మర్నాడు తెల్లవారుతుండగానే ఉప్పలయ్య నులక మంచం నెత్తిన పెట్టుకుని చేలోకి పోయాడు. మనిషి ఉన్న చేలో డ్రోన్ మందు కొట్టదు. అది వచ్చి, మూడు చుట్లు తిరిగి, వెనక్కి పోయింది.

"రేపు మళ్ల వస్తది," అంది అంబలి తెచ్చిన సోమక్క.

"రానీ," అని ఉప్పలయ్య సాళ్ల నడుమ మంచం కోళ్లు మట్టిలోకి దిగేలా అదిమి, దాని మీద పడుకున్నాడు.