అక్క పేరున ఉన్న సిమ్

“మూడు దినాలు పెట్టుకొని బాగుచేసినావే, సిగ్నల్ ఏదప్పా?” వర్తూరు మొబైల్ షాపులో మునిరత్నమ్మ ఫోన్‌ను బల్ల మీద విసురుగా పెట్టింది. పొద్దున్నుంచి ఆమె రావడం ఇది మూడోసారి.

రిపేరు చేసిన లలిత్ సిమ్ తీసి, తుడిచి, షాపులో ఉన్న ఇంకో ఫోన్‌లో వేసి చూశాడు. అందులోనూ సిగ్నల్ రాలేదు.

“తప్పు ఫోన్‌ది కాదాంటీ. సిమ్మే బ్లాక్ అయ్యుండాది. ఎవరి పేరున ఉండాది?”

“మా అక్క పేరున. ఇంటి సైటు తగాదాతో రెండేండ్లుగా మాటల్లేవు. చూడు, ఇట్లా పగ తీర్చుకునింది.”

“బ్లాక్ తీయించాల్సింది కూడా ఆమేనాంటీ. నంబరు చెప్పండి.”

లలిత్ తన ఫోన్‌లో కలిపి స్పీకర్ పెట్టాడు. “మీ చెల్లెలి ఫోన్ రిపేరు చేసినోన్నమ్మా. సిమ్ మీరే బ్లాక్ చేయించినారా?”

“నేనేనప్పా,” అంది అక్క. “వారం వారం చేస్తా, అది ఎత్తదు. ఎత్తకపోయినా రింగు పోతుండె. ఉండాదిలే అనుకుంటా ఉంటి. మూడు దినాలుగా ఎన్నిసార్లు చేసినా ఆ రింగు కూడా లేదు. ఫోన్ ఎవరన్నా కొట్టేసినారేమో అని బ్లాక్ చేయిస్తి. రిపేరుకిచ్చిండెనా? అయితే మా చెల్లి బాగుండాదా?”

లలిత్ తలెత్తి చూశాడు. తిట్టడానికి నోటిదాకా తెచ్చుకున్న మాటలు మింగి, మునిరత్నమ్మ ఫోన్ దగ్గరికి వంగింది.

“ఉండానక్కా.”