మావాడని ఒక చీటీ

చింతపండు మండి ముందు ఏడుగురు నిలబడినారు.

ఏడుగురూ కూలివాళ్ళే. ఏడుగురూ ఎడమచేతి చొక్కా పైకి మడిచి ఉన్నారు.

"ఈ పొద్దు లోడు రాలేదప్పా" అన్నాడు మండి యజమాని దేవరాజన్.

"లోడుకు కాదయ్యా. రక్తం చూపించేదానికి వచ్చినాము" అన్నాడు ముందున్నవాడు. ఇరవైమూడేండ్లుంటాయి. కాళ్ళ మీద ఎండిన సిమెంటు. "నా పేరు అంజనప్ప. మాది పిక్కిలి. బస్టాండు పక్కన కొత్త బిల్డింగులో పని. మీ అబ్బాయికి ఎముకల్లో రక్తం ఊరడంలేదంట కదా. మా మజ్జ ఎవురిదన్నా సరిపోతుందేమో చూపించండి."

దేవరాజన్ తక్కెడ కింద పెట్టినాడు.

అది 1988 ఎండాకాలం మొదలు. ఆయన కొడుకు వీరరాఘవన్‌కు పంతొమ్మిదేండ్లు. మూడు నెలలుగా వేలూరు ఆసుపత్రిలో ఉన్నాడు. తోడబుట్టినవాళ్ళ మజ్జ కలిస్తే మార్చి చూడొచ్చన్నారు డాక్టర్లు.

"మీకు ఎంతమంది పిల్లలు?" అని అడిగినారు.

"వీడొక్కడే. ముందు ముగ్గురు మా ఆమె పుట్టింట్లో పురిట్లోనే పోయినారు" అని చెప్పినాడు దేవరాజన్.

పక్కన భార్య కాంతామణి తల వంచుకొని కూర్చుంది.

ఇప్పుడు డాక్టర్ల మాట కూలివాళ్ళకూ చెప్పినాడు. "తోడబుట్టినోళ్ళదే కలవడం కష్టమంట. మీది యాడ కలుస్తుంది?"

"కలవకుంటే తిరిగొస్తాము. బస్సు చార్జీ మాదే."

"మజ్జ తీస్తే నడుము పడిపోతుంది, తెలుసునా?"

"పడిపోదంటయ్యా. వెనకపక్క ఎముకలో సూది వేసి తీస్తారంట. నాలుగు దినాలు నొప్పి, మల్లా అదే ఊరుతుందంట. నర్సమ్మను అడిగి, వీళ్ళకందరికీ చెప్పి పిలుచుకొచ్చినా."

"నాలుగు దినాలు మేస్త్రీ తిట్లు లేకుండా పడుకోవచ్చునని వచ్చినా నేను" అన్నాడు వెనకనుంచి ఒకడు.

దేవరాజన్ అంజనప్ప వైపు తిరిగినాడు.

"ఇటుకలు మోసేవానికి నా కొడుకు మీద ఇంత ప్రేమ ఎందుకప్పా? రేపు ఇల్లడుగుతావా, మండి అడుగుతావా?"

"ఏమీ అడగనయ్యా."

"పొండి, పొండి. పని చూసుకోండి."

చొక్కాలు దించుకొని పోయినారు.

మండిలో చింతపండు గింజ తీసే కూలి పొన్నుత్తాయి, పక్కన చేటతో కూర్చున్న కాంతామణిని చూసి నిట్టూర్చింది.

"ముందు బిడ్డలు పోయినప్పుడే, పుట్టినోణ్ణి చేటెడు తవుడుకు ఎవురికన్నా అమ్మేసి ఉండాల. మా పక్క అట్లనే చేస్తారు. అట్ల అమ్మిన బిడ్డ బతుకుతుంది."

"మల్లా?" అన్నాడు దేవరాజన్.

"మల్లా ఏముంది? నా బిడ్డ అని కన్నతల్లి నోట అనకూడదు. అంటే దక్కదు."

"ఆ పనీ చేయకపోతిమి."

కాంతామణి చేట తీసుకొని లోపలికి పోయింది.

నాలుగు దినాల తర్వాత అంజనప్ప ఒక్కడే వచ్చినాడు.

"వేలూరికి పోయొచ్చినానయ్యా. 'రోగికి నువ్వు ఏమవుతావు?' అన్నారు. ఇంటోళ్ళు రాసిస్తేనే రక్తం చూస్తారంట. ఒక్క చీటీ ఇయ్యండి. మావాడు అని రాస్తే చాలు."

"ఆ మాట నువ్వే చెప్పుకోవచ్చును కదా?"

"నేను చెప్పుకుంటే చెల్లదు. మీరే రాయాల."

"ముక్కూముఖం తెలియనోణ్ణి మావాడని రాయమంటావా? స్వామి పటం కింద కూర్చొని అబద్ధం రాయను."

కాంతామణి గడప దాకా వచ్చింది.

"మీ అమ్మ పేరేమి నాయనా?"

"చిన్నతాయి. పోయిన ఏడు చనిపోయింది."

ఆమె లోపలికి పోయి ఆకులో అన్నం తెచ్చి పెట్టింది.

"తిని పో."

అతడు తిన్నాడు.

"ఇంకొంచెం పెట్టేదా?"

"చాలమ్మా."

ఆకు మడిచి లేచినాడు. ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసినాడు. ఆమె నేల చూస్తూ ఉండిపోయింది.

పదహారు దినాలకు వీరరాఘవన్ పోయినాడు.

వ్యాను వచ్చేసరికి అంజనప్ప వీధిలో నిలబడి ఉన్నాడు. శవం నోట్లో బియ్యం వేసేదానికి అయినవాళ్ళను పిలిచినారు. అతడు ఒక అడుగు ముందుకు వేసినాడు.

"నువ్వు ఎవురి తరఫప్పా?" అని ఎవరో అడిగినారు.

అతడు వెనక్కి పోయి గోడవారన నిలబడినాడు.

కర్మ ముగిసినాక దేవరాజన్ కొత్త బిల్డింగు దగ్గరికి పోయినాడు. సున్నం కొట్టేవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

"ఆ ముఠా పని అయిపోయింది. యాడికి పోయినారో తెలీదు" అన్నాడు మేస్త్రీ. "ఆ అంజనప్ప ఒక పిచ్చోడు. పోయేముందు ముఠాలో అందరి పేర్లూ కాగితం మీద రాయించుకొని, వేలూరులో ఇచ్చొచ్చినాడు. ఎవురికన్నా సరిపోతే పిలవండని. వాళ్ళు పిలిచేది యాడికి? మాకొక అడ్రసా?"

దేవరాజన్ ఇంటికొచ్చి మండి తలుపు మూసినాడు. కొడుకు చెప్పులు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి.

"ఒక్క చీటీ" అన్నాడు భార్యతో. "రాసి ఉంటే నా సొమ్మేం పోయేది? వాడు అడిగింది ఒక్క మాట. మావాడు అని. అబద్ధం రాసేదానికి చెయ్యి రాకపోయె."

కాంతామణి చేటలో చింతగింజలు అటూ ఇటూ జరిపింది.

"అబద్ధం కాదు" అన్నది. "మన మూడోవాడు పురిట్లో పోలేదు, మా అమ్మ వాణ్ణి చేటెడు తవుడుకు పిక్కిలి చిన్నతాయి ఒళ్ళో పెట్టింది."