ఊపిరి తీసుకునే చోటు

ఒపెరా కంపెనీలో శిక్షణకు వచ్చినవాళ్లలో చివరికి ఇద్దరే మిగిలారు. పాడేది భవిత, ఆమెకు పియానో వాయించేది నిధి. వచ్చే ఏడాదికి ఒక్కరినే ఉంచుకుంటామన్నారు.

"నిధీ, ఆ హై నోట్ ముందు కొంచెం వెయిట్ చెయ్యవా? బ్రీత్ సరిపోట్లేదు నాకు," అని ఆడిషన్‌కి ముందు భవిత బతిమాలింది.

"డోంట్ వర్రీ, ఆగుతాలే," అంది నిధి.

ఆగితే కదా! డైరెక్టర్ ముందే ఆ హై నోట్ దగ్గర భవిత స్వరం చీలిపోయింది. సాయంత్రానికి సూట్‌కేసు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఖాళీ రిహార్సల్ గదిలో నిధి పియానో మీద సరదాగా అదే పాట అందుకుంది. ఆ చోటు రాగానే వెనకాల ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. తిరిగి చూస్తే అన్నీ ఖాళీ కుర్చీలే. మళ్లీ వాయించింది. మళ్లీ అక్కడే వినిపించింది, ఈసారి చెవి పక్కనే. పీల్చడమే గానీ వదలడం లేదు.

నిధి ఆగకుండా ఇంకా వేగంగా వాయించింది. అంతలో తనకే ఊపిరాడలేదు. కాస్త గాలి పీల్చుకుందామని రెండు చేతులూ ఒళ్లోకి తీసుకుంది.

పియానో ఆగలేదు.